వీపున పడిన ముడి

…ఎందుకంటే వీపు మనిషికి తనది కాదు. చేతుల్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. ముఖానికి అద్దం ఉంది. పాదాలు నడిచినంతసేపూ కళ్లముందే ఉంటాయి. వీపు ఒక్కటే పుట్టినప్పటి నుంచీ పరాయి సొత్తు. రుద్దేదీ పరాయివాళ్లే, తట్టేదీ వాళ్లే, వెనక నిలబడి నవ్వేదీ వాళ్లే. ఆ పరాయివాళ్లు కూడా లేనివాడు గోడకు చేరగిలబడి కూర్చుంటాడు. గోడ ఎవర్నీ తట్టదు, ఎవర్నీ చూసి నవ్వదు...

ఈ ఆలోచన ఎక్కడ మొదలైందో లక్ష్మప్పకు గుర్తులేదు. ఎదురుగా మేకుకు వేలాడుతున్న తెల్లటి ప్లాస్టిక్ వీపు దగ్గర మాత్రం అది ఆగిపోయింది.

"ఏనప్పా డిటెక్టివూ, అది ఏమన్నా మాట్లాడుతాండాదా?" గడపలో నిలబడి అడిగాడు ఇన్‌స్పెక్టర్ బసవరాజు. కర్ణాటక సరిహద్దున ఉన్న హొళగుంద మనిషి. కోపమొచ్చినా వెటకారమొచ్చినా నోట్లోంచి కన్నడం ముందు దూకుతుంది.

"ఇంకా లేదు."

"మాట్లాడితే నాకూ సెప్పు. మధ్యాన్నం మౌలాలిని మేజిస్ట్రేటు ముందర నిలబెడుతాండా. నేనే చంపినానని ఒప్పుకుంటాడంట. ఆ మాట ఆడ పడిందంటే నువ్వు నీ లాడ్జికి, నేను నా ఇంటికి."

లక్ష్మప్ప కళ్లు ఆ వీపు మీంచి కదల్లేదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ బసవరాజు అతని కింద పనిచేశాడు. "ఈ కేసు ఇద్దరం కలిసి చూద్దాం సార్" అని ఎన్నిసార్లో అడిగాడు. ప్రతిసారీ లక్ష్మప్ప ఇలాగే ఊరుకుని, ఒక్కడే వెళ్లి, ఒక్కడే తిరిగొచ్చాడు. అడిగి అడిగి బసవరాజు వెటకారం నేర్చుకున్నాడు. యాభై రెండేళ్ల వయసులో లక్ష్మప్పకు ఉద్యోగం లేదు, ఇల్లు లేదు. ఈ ఆదోనిలో ఒక లాడ్జి గదీ, దాని తలుపు మీద తన పేరు రాసిన రేకు ముక్కా ఉన్నాయి.

నిన్న పీర్ల పండగ తొమ్మిదో దినం. జనమంతా చావిడి దగ్గర ఉన్న వేళ, నూలు వ్యాపారి బడే సాబ్ తన దుకాణంలోనే తల పగిలి చచ్చిపోయాడు. తూకం రాయితో వెనక నుంచి కొట్టారు. తెల్లటి కవచం తొడుక్కున్న ఒక ఆకారం దుకాణం వెనక సందులోంచి నడిచిపోవడం బొరుగులమ్మే హులిగమ్మ చూసింది. అలాంటి కవచం ఊళ్లో ఒక్కటే ఉంది. దాన్ని తయారుచేసుకున్నవాడు మౌలాలి, పగిలిన ప్లాస్టిక్ బిందెలకు అతుకులు వేసేవాడు. ఈ గది అతనిదే. పక్క గదిలో ఉండే అతని అక్క జమీలా తెల్లవారుతూనే లక్ష్మప్ప లాడ్జి మెట్లెక్కి, "మా మౌలాలి కాదు సార్" అని ఒక్క మాట చెప్పింది. ఇంకేం అడిగినా తల వంచుకుంది.

లక్ష్మప్ప కవచాన్ని మేకు మీంచి దించి మంచం మీద పరిచాడు. ఛాతీ పలక, వీపు పలక, భుజాల గిన్నెలు, చేతుల గొట్టాలు, తొడలవి, పిక్కలవి. ముక్కు దగ్గర జాలీ ఉన్న తలకాయ తొడుగు. పాదాల మీద బోర్లించుకునే రెండు తొడుగులు. కువైట్‌లో ఉన్న చిన్నాయన కొడుకు పంపిన అట్టపెట్టె ఇంకా మూలనే ఉంది. దాని మీద నక్షత్రాల మధ్య తుపాకీ పట్టుకుని నిలబడ్డ సిపాయి. పెట్టెలో వచ్చేది కవచం కాదు. ఉబ్బెత్తు అచ్చులు పోసిన పల్చటి ప్లాస్టిక్ రేకులు. ఒక్కొక్క ముక్కనూ బ్లేడుతో కోసుకోవాలి, అంచులు గీకి నునుపు చేసుకోవాలి, వేణ్ణీళ్లలో ముంచి తన ఒంటికి తగ్గట్టు వంచుకోవాలి. జిగురుతో అంటించమని పెట్టె మీద బొమ్మలున్నాయి. మౌలాలి జిగురు ముట్టలేదు. కాల్చిన ఇనపకడ్డీతో బిందెలు అతికినట్టే అతికాడు. ప్రతి అతుకూ చేప వెన్నెముకలా సన్నగా, తీరుగా ఉంది.

పండక్కి మొక్కున్నవాళ్లు పులి వేషమో ఎలుగు వేషమో కడతారు. మౌలాలి ఇది కట్టాడు.

"వాడికేం పగ బడే సాబ్ మీద?" అడిగాడు లక్ష్మప్ప.

"ఏడో దినం బజార్లో బడే సాబ్ వాని తలకాయ పీకి జనానికి ముఖం సూపించినాడు. 'ఎవుర్రా ఈ చంద్రలోకం సిపాయి... ఓహో, మన బిందెలోడా!' అన్నాడంట. బజారంతా ఒకటే నవ్వు. ఖాసిం సాబ్ పక్కనే ఉండి చూసినాడు. ఎమ్మిగనూర్లో నూలుకు రంగులేస్తాడే, ఆయన. సాక్షి సంతకం కూడా పెట్టినాడు, పాపం. నిన్నట్నుంచీ స్టేషన్ వదిలిపెట్టకుండా శవం పనులన్నీ ఆయనే చూస్తాండాడు."

నవ్వినందుకు చంపుతారా? చంపుతారు. లక్ష్మప్పకు ఆ సంగతి తెలుసు. కానీ ఈ అతుకులు వేసిన చేతుల్ని అతను ఊహించుకున్నాడు. నెలల తరబడి, పని ముగిశాక, ఈ గదిలో దీపం దగ్గర కూర్చుని, ఒక్కొక్క అంచునూ బొటనవేలితో తడిమి చూసుకున్న చేతులు. తన పేరుతో ఎవరూ పిలవని మనిషి, ముఖం లేని ఒక మనిషిని కట్టుకున్నాడు. ఆ మనిషి వెంట పిల్లలు పరుగెత్తారు. అంత కష్టపడి దాక్కున్నవాడు, అదే కవచం తొడుక్కుని పట్టపగలు హత్యకు వెళ్లడు. అది తన ముఖం మీద తన పేరు రాసుకుని వెళ్లినట్టు.

అతను ఛాతీ పలక తిప్పాడు. రెండు పక్కలా, చంకల కింద, నున్నటి రంధ్రాలు. వీపు పలక నాడాలు వాటిలోంచి ముందుకు వచ్చి రొమ్ము మీద కలిసేట్టు అమర్చి ఉంది. అట్టపెట్టె మీద బొమ్మలో ఇద్దరున్నారు: తొడుక్కునేవాడొకడు, వెనక నిలబడి పట్టీలు బిగించేవాడొకడు. ఆ రెండోవాడు మౌలాలికి లేడు. అందుకే కవచాన్నే మార్చుకున్నాడు.

"బసవరాజూ, ఇట్ల రా. ఇది సూడు."

నాడాలు ముందుకు రాలేదు. వీపు మీదే అడ్డంగా లాగి, నడిమధ్యన ముడి వేసి ఉన్నాయి. ముడి చెక్కుచెదరలేదు. దాని పక్కనే నాడా బ్లేడుతో తెగి ఉంది.

"ముడి విప్పలేక కోసుకున్నాడు. అంతే కదా?" అన్నాడు బసవరాజు.

"ఎవడైనా తన వీపు మీద తాను ముడి వేసుకోగలడా? అదీ ఇంత బిగువుగా? తొడుక్కున్నప్పుడు వెనక ఇంకొకరుండారు. విప్పుకునేటప్పుడు లేరు."

"ఓహో. ఇంతసేపూ ఒక్క హంతకుడు, ఇప్పుడు ఇద్దరా? నీకు జీతమిచ్చేటోళ్లు లేరు గానీ కేసులు మాత్రం రెట్టింపు చేస్తావు లక్ష్మప్పన్నా."

"హులిగమ్మను పిలిపించు."

హులిగమ్మ చెరుగుతున్న బొరుగుల చేటతోనే వచ్చింది. ఇన్‌స్పెక్టర్‌ను చూసి భయపడలేదు, విసుక్కుంది. "ఎన్నిసార్లు సెప్పల్ల సామీ? తెల్ల సిపాయి సందులోంచి పోయినాడు. నేను చూసినా. నా బేరం పాడాయ."

"తల నుంచి కాలి దాకా తెల్లగానేనా అమ్మా?" అడిగాడు లక్ష్మప్ప.

"కాలి దాకా. బూట్లు గూడా తెల్లవే. టకటకా అంటాండె."

"మౌలాలి అంతకుముందు దినాలు తిరిగినప్పుడో?"

ఆమె చేట దించింది. "వాడు ఉత్త కాళ్లతోనే తిరిగె కదప్పా. మొక్కున్నోడు పీర్ల ముందర చెప్పులేసుకుంటాడా? కాళ్లు చూసే కదా పిల్లోళ్లు వేషగాని పేరు సెప్పేది. అదే ఆట. ముఖం దాచొచ్చు గానీ కాళ్లు దాచకూడదు."

బసవరాజు మీసం దువ్వుకోవడం ఆపాడు. లక్ష్మప్ప పాదాల తొడుగులు చేతిలోకి తీసుకున్నాడు. వాటికి కట్టిన గుడ్డ పేలిక, పేలిక దూర్చిన రంధ్రాలు. కవచంలో మిగతా రంధ్రాలన్నీ కాలిన తీగతో పొడిచినవి, అంచులు గుండ్రంగా, మెత్తగా కరిగి ఉన్నాయి. ఈ నాలుగూ కత్తి మొనతో పొడిచినవి. చుట్టూ ప్లాస్టిక్ చిట్లింది. ప్లాస్టిక్‌తో బతికేవాడు దాన్ని చల్లగా ఉండగా పొడవడు.

తొడుగు లోపల, వేళ్లు తగిలే చోట, చెమట ఆరిన మరక. అతను జేబురుమాలు తడిపి రుద్దాడు. గుడ్డ మీదికి లేత నీలం వచ్చింది.

"సిరా," అన్నాడు బసవరాజు వెంటనే. కానీ గొంతులో వెటకారం తగ్గింది. "లక్ష్మప్పన్నా, నీలంతోను, ముడులతోను మేజిస్ట్రేటు దగ్గరికి పోతే నన్ను చూసి నవ్వుతారు. వాడే ఒప్పుకుంటాండాడు కదా. నువ్వు నీ ముడి విప్పుకో. నేను స్టేషన్లో ఉంటా."

జీపు వెళ్లిన చప్పుడు తగ్గాక లక్ష్మప్ప వాకిట్లోకి వచ్చాడు.

జమీలా పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. తమ్ముడికి స్టేషనుకు తీసుకెళ్లడానికి రొట్టెలు గుడ్డలో మూట కడుతోంది. నాలుగు కొనలూ కలిపి, రెండు ముళ్లు వేసి, మిగిలిన కొనను ముడి కిందికి మడిచి దోపింది. ఆ వేళ్ల కదలికలో ఆలోచన లేదు. రోజూ బొంతలు కుట్టి, కట్టలు కట్టి అమ్మే చేతులు వాటంతట అవే చేసుకుపోతున్నాయి.

లక్ష్మప్ప ఆమెకు కొంచెం దూరంలో, అరుగు అంచున కూర్చున్నాడు. ఇలాంటి క్షణం కోసమే ఈ వృత్తిలో ఉన్నాడని ఒకప్పుడు అనుకునేవాడు. ఇప్పుడది వచ్చిన ప్రతిసారీ, ఎవరింట్లోకో తలుపు తట్టకుండా వచ్చినట్టుంటుంది.

"తమ్ముడు కవచం ఎట్ల కట్టుకుంటాడో నువ్వు ఎప్పుడైనా చూసినావా అమ్మా?"

"లేదు సార్. తలుపేసుకుని కట్టుకుంటాడు. చిన్నప్పట్నుంచీ అంతే. అన్నం గూడా గోడ దిక్కు తిరిగి తింటాడు."

"చూసుంటే నాడాలు ముందుకు తెచ్చి కట్టిండేదానివి."

మూట ఆమె చేతుల్లో ఆగింది.

"ఆ ముడి నీది," అన్నాడు లక్ష్మప్ప. "ఇదిగో, ఈ మూట మీద ఉండేదే ఆడా ఉండాది."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. బరువు దించుకున్నదానిలా ఒక్క ఊపిరి వదిలింది. "కనుక్కుంటావనే వచ్చినా సార్ నీ దగ్గరికి."

"నిన్న ఎవరికి కట్టినావు?"

"సెప్పకూడదు."

"తమ్ముడు ఉరికంబం ఎక్కుతాడు."

"తెల్సు." ఆమె తల ఎత్తింది. "నీకు మా వీధి పద్ధతి తెల్దు. కొందరు గుట్టుగా మొక్కుకుంటారు. ముఖం తెలీకుండా మూడేండ్లు వేషం కడతామని. వచ్చి కట్టమని అడిగితే కాదనకూడదు. కట్టిన చేతులు పేరు సెప్పకూడదు, మూడో ఏడు పీర్లు నీళ్లకు పోయేదాకా. సెప్తే ఆ నోటి ఇంటికి కీడు. మా అమ్మ ఒకసారి నోరు జారింది. ఆ యేడే మా నాయన పోయినాడు. నాకుండేది ఒక్క బిడ్డ సార్."

"నిన్న నీకాయన ఏం సెప్పినాడు?"

"మౌలాలి తన కవచం ఇస్తానన్నాడు, అది తొడుక్కుని మొక్కు తీర్చుకుంటా, వెనక కట్టమ్మా అన్నాడాయన. కట్టినా. మళ్లీ ఎప్పుడు తెచ్చి గదిలో పెట్టిపోయినాడో నేను చూడలే. తమ్ముడు అప్పటికే అది విప్పి పెట్టి కొండ మీదికి పోయినాడు, ఒక్కడే కూర్చునేదానికి. ఆడ వాన్ని చూసినోళ్లు ఎవురుంటారు?" ఆమె మూటను ఒళ్లోకి లాక్కుంది. "రాత్రంతా ఆలోచన చేసినా. నేను సెప్తే బిడ్డ. సెప్పకుంటే తమ్ముడు. నువ్వు కనుక్కుంటే నేను సెప్పినట్టు కాదు కదా సార్?"

కాదు, అనాలనుకున్నాడు. ఏ పీరు, ఏ దేవుడు ఈ లెక్క ఒప్పుకుంటాడో అతనికి తెలియదు. ఈ నమ్మకం తప్పని చెప్పబోయి మానుకున్నాడు. చనిపోయిన నాన్నను రుజువుగా చూపించిన మనిషితో వాదించకూడదు. "కాదు," అన్నాడు చివరికి. "ఆ మూట ఇట్లియ్యి, నేనే ఇస్తా. తలుపేసుకుని ఉండు."

స్టేషన్లో మౌలాలి కటకటాల వెనక, వీపు గోడకు ఆనించి కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. వేళ్ల కొసలు కాలి గట్టిపడ్డాయి. మూట చూడగానే చెయ్యి చాపాడు, ముడి చూడగానే వెనక్కి తీసుకున్నాడు.

"తినబుద్ధి లేదు సార్."

"అన్నం మీద కోపమా, ముడి మీద భయమా?"

మౌలాలి నేల చూశాడు. "నేనే చంపినా. ఇంకేం కావల్ల మీకు?"

"కొండ దిగొచ్చి గదిలో ఆ తెగిన నాడా చూసినావు. అక్క ముడి గుర్తుపట్టినావు. నిన్ను బజార్లో నవ్వులపాలు చేసినోణ్ని అక్కే ఎవరితోనో చంపించిందనుకున్నావు. పోలీసులొచ్చేసరికి ఒప్పుకునేదానికి సిద్ధంగా ఉన్నావు. అవునా?"

బయట వీధిలో డప్పులు దగ్గరవుతున్నాయి. పదో దినం. పీర్లను నీళ్లకు పంపడానికి ఊరంతా కదులుతోంది.

"నా కోసం ఎవురూ ఏమీ చేసింది లేదు సార్, ఇంతవరకూ," అన్నాడు మౌలాలి మెల్లగా. "అక్క ఇది చేసిందనుకున్నా. తప్పే. పాపమే. కానీ నా కోసం చేసింది కదా. అందుకని నేను..."

లక్ష్మప్పకు కటకటాలు ఎటువైపు ఉన్నాయో ఒక్క క్షణం తెలియలేదు. తన కోసం ఒక మనిషి పాపం చేసిందన్న నమ్మకం కూడా ఈ మనిషికి పండగలాంటిదయింది. ఇప్పుడు దాన్ని తాను లాక్కోవాలి. ప్రాణం నిలపాలంటే లాక్కోక తప్పదు.

"ఆమె నీ కోసం చెయ్యలేదు మౌలాలీ," అన్నాడు. "గుట్టు మొక్కు అని ఎవరో వచ్చి అడిగితే కట్టింది. పేరు సెప్పే వీల్లేదు. ఆమె చేసిందల్లా తెల్లారకముందే లేచి, నిన్ను విడిపించమని నా మెట్లెక్కి రావడం. అది మాత్రం నీ కోసమే."

మౌలాలి తల ఎత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఎవురికి కట్టింది?"

"కాళ్లు దాచుకోవల్సినోడికి." లక్ష్మప్ప జేబురుమాలు తీసి కటకటాల్లోంచి చూపించాడు. "కాళ్లు బయటపడితే పిల్లోళ్లు గూడా పేరు పెట్టి అరుస్తారు. అందుకే నువ్వు పనికిరావని పక్కన పారేసిన తొడుగులు తొడుక్కున్నాడు."

మౌలాలి ఆ గుడ్డను ముట్టుకోలేదు. నీలాన్ని మాత్రం చూశాడు. "ఖాసిం సాబ్," అన్నాడు. "తొట్టిలో నూలు తొక్కీ తొక్కీ మోకాళ్ల దాకా నీలమే ఆయనకు. ఆయన రంగు నీళ్లలో వెలిసిపోతాండాదని, నేతగాళ్లందరికీ సెప్తానని బడే సాబ్ మొన్న అరిచినాడు. బజారంతా ఇన్నది."

లక్ష్మప్ప గిర్రున తిరిగాడు. ముందు గదిలో సాక్షులు కూర్చునే బెంచీ ఖాళీగా ఉంది. దాని మీద తాగి పెట్టిన టీ గ్లాసు ఉంది.

"ఇక్కడుండే పెద్దమనిషి ఏడప్పా?"

కానిస్టేబులు గోడ గడియారం వైపు చూశాడు. "ఖాసిం సాబా? పొద్దున్నుంచీ ఈడనే ఉండె. ఇన్‌స్పెక్టర్ సారు నవ్వుతా సెప్తాండె, మా డిటెక్టివు ముడి ఎవురేసినారని కనుక్కుంటాండాడు అని. ఆ మాటకు ఆయన గూడా నవ్వినాడు. ఇప్పుడే వస్తానని లేచిపోయినాడు. అర్ధ గంటాయ."

ఆ ముడి ఎవరు వేయించుకున్నారో చెప్పగలిగింది ఈ ఊళ్లో వేసిన జమీలా ఒక్కతే. ఆ సంగతి వేయించుకున్నవాడికి తెలుసు. వీధులు నిన్నటిలాగే ఖాళీ అవుతున్నాయి. డప్పుల చప్పుడులో ఎవరి కేకా ఎవరికీ వినబడదు.

లక్ష్మప్ప మెట్ల మీదికి పరుగెత్తి సైకిలు అందుకున్నాడు. కాలు పెడలు మీద పెట్టాడు. ఆ ఇంటికి వీధి తలుపొకటి, సందు వైపు తలుపొకటి. అతను ఒక తలుపు దగ్గరే నిలబడగలడు. ఒక్కడే వెళ్లిన ప్రతిచోటా రెండో తలుపు దగ్గర ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఇన్నేళ్లూ అదృష్టం ఉండింది, లేదా ఉందనుకున్నాడు.

కాలు దించాడు. సైకిలు గోడకు పడేసి లోపలికి వచ్చాడు. బసవరాజు బల్ల ముందు కూర్చుని, మేజిస్ట్రేటు దగ్గరికి పట్టుకెళ్లే కాగితాలు దారంతో కుడుతున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"విప్పినావా అన్నా ముడి?"

మాట గొంతు దాకా వచ్చి, అలవాటు లేని చోట తడబడింది. లక్ష్మప్ప బల్ల మీద ఉన్న జీపు తాళం తీసి, బసవరాజు అరచేతిలో పెట్టి, ఆ చేతిని అలాగే గట్టిగా పట్టుకున్నాడు.

"జమీలాను చంపేదానికి పోయినాడు ఖాసిం సాబ్," అన్నాడు. "ఒక్కణ్ణి నాతో కాదు. తోడు రా అప్పా."